వాన తప్పిన ఏడు ఎంత కరెంటు కావాలి?

అనంతపురం జిల్లాను దగ్గరగా చూసినవాళ్ళకి ఒక సందేహం వస్తుంది. కరువొచ్చిన ఏడు పంట పోతుంది. చేతిలో డబ్బాడదు. పల్లెల్లో సగం ఇళ్ళు తాళాలేసుకుని బెంగళూరు బాట పడతాయి. అంగళ్ళలో బేరాలుండవు. అలాంటి ఏడాది కరెంటు వాడకం కూడా తగ్గిపోవాలి కదా? కానీ జరిగేది దీనికి తలకిందులు. ఆగస్టులో వాన మొహం చాటేస్తే చాలు, లైన్ల మీద లోడు పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి, కరెంటు చాలడం లేదని రైతులు సబ్‌స్టేషన్ల దగ్గరికి వస్తారు.

ఈ చిన్న సందేహం పెద్ద ప్రశ్న దగ్గరికి తీసుకెళుతుంది. ఒక ప్రాంతం ఆర్థికంగా ఎంత ఎదుగుతుందో ముందే ఊహించి, దానికి తగినంత కరెంటు సిద్ధం చేసుకోవాలని ప్రపంచంలో ప్రతి విద్యుత్ సంస్థా అనుకుంటుంది. ఎదుగుదల పెరిగితే కరెంటు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అన్నది ఆ ఊహకి పునాది. ఆ పునాది మీద అనంతపురం లాంటి నేలకు లెక్క కట్టవచ్చా? ఎంతవరకు కట్టవచ్చు? అసలు రేపటి కరెంటును ఇవాళే లెక్కగట్టడం ఎలా సాధ్యం?

స్కేలు పెట్టి గీసిన గీత

కరెంటును బస్తాల్లో నింపి గోదాములో పెట్టలేం. బ్యాటరీలున్నా, రిజర్వాయర్లలోకి నీళ్ళు ఎక్కించి దాచే పద్ధతులున్నా, మనం వాడే మొత్తంలో అలా దాచగలిగేది ఇప్పటికీ కొద్ది భాగమే. మీట నొక్కిన క్షణంలోనే ఎక్కడో ఒక జనరేటరు దాన్ని పుట్టించాలి. ఆ జనరేటరును కట్టడానికేమో ఏళ్ళు పడుతుంది. బొగ్గు కేంద్రానికి ఐదారేళ్ళు, పెద్ద లైనుకు మూడు నాలుగేళ్ళు, ఊరి పక్క సబ్‌స్టేషన్‌కు ఏడాది, రెండేళ్ళు. అందుకే అంచనా తప్పదు.

అన్నిటికన్నా పాత పద్ధతి చాలా తేలిక. గడచిన పదేళ్ళ వాడకాన్ని కాగితం మీద చుక్కలుగా పెట్టి, వాటి మీదుగా గీత గీసి, దాన్నే ముందుకు పొడిగించడం. ఏటా 7 శాతం చొప్పున పెరిగేది ఏదైనా పదేళ్ళలో రెట్టింపవుతుంది. అమెరికాలో 1973 చమురు సంక్షోభానికి ముందు కరెంటు వాడకం దాదాపు అలాగే పెరుగుతూ వచ్చింది. దశాబ్దాల తరబడి తప్పని గీత ఇక ముందూ తప్పదని అక్కడి ఇంజనీర్లు నమ్మారు. ఆ నమ్మకంతో వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్రభుత్వ విద్యుత్ సంస్థలు కలిసి ఏర్పరచుకున్న ఉమ్మడి సంస్థ ఐదు అణు కేంద్రాలు మొదలుపెట్టింది. చమురు ధర పెరిగింది, కరెంటు ధర పెరిగింది, జనం పొదుపు నేర్చుకున్నారు, గీత వంగిపోయింది. ఐదింటిలో పూర్తయింది ఒక్కటే. 1983లో ఆ ఉమ్మడి సంస్థ 225 కోట్ల డాలర్ల బాండ్లకు డబ్బు కట్టలేక చేతులెత్తేసింది. దాచుకున్న సొమ్ముతో ఆ బాండ్లు కొన్న మామూలు కుటుంబాలు నష్టపోయాయి.

మన దేశంలో ఈ లెక్క వేసేది సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ. ఎలక్ట్రిక్ పవర్ సర్వే పేరుతో కొన్నేళ్ళకోసారి అంచనా విడుదల చేస్తుంది. 2011 డిసెంబరులో వచ్చిన 18వ సర్వే, 2016-17 నాటికి దేశంలో గరిష్ఠ గిరాకీ 1,99,540 మెగావాట్లకు చేరుతుందని చెప్పింది. ఆ ఏడాది వాస్తవంగా చేరింది సుమారు 1,59,500 మెగావాట్లు. అంటే 40 వేల మెగావాట్ల తేడా. తరువాతి సర్వే జాగ్రత్త పడి 2021-22కి 2,25,751 మెగావాట్లన్నది. వచ్చింది 2,03,014. మధ్యలో కరోనా వచ్చిపడింది, అది ఎవరూ ఊహించలేనిది. కానీ మొదటి తేడాకు కారణం వేరు. అంచనా వేసిననాడు దేశ ఆర్థిక వృద్ధి ఉరకలేస్తోంది, ఆ ఊపు అలాగే ఉంటుందనుకున్నారు.

తేడా వస్తే ఏమవుతుంది? తక్కువ ఊహిస్తే కోతలు. 2012, 2013 సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఎక్కువ ఊహిస్తే అదనంగా కుదుర్చుకున్న కేంద్రాలకు, కరెంటు తీసుకోకపోయినా, స్థిర ఛార్జీలు కట్టాలి. ఆ బరువు బిల్లుల్లోకి వస్తుంది. రెండు తప్పుల మూల్యమూ చివరికి వాడకందారే చెల్లిస్తాడు. అందుకే ఈ లెక్క ఆఫీసు గదుల్లో మాత్రమే చర్చించాల్సిన వ్యవహారం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

రూపాయి ఎక్కడ పుట్టిందో చూడాలి

గీత పొడిగించడం కన్నా మెరుగైన పద్ధతి, వాడకాన్ని ఆర్థిక వృద్ధితో ముడిపెట్టడం. రాష్ట్ర అర్థ గణాంక శాఖ ఏటా ప్రతి జిల్లాకూ స్థూల ఉత్పత్తి లెక్కగడుతుంది. జిల్లాలో ఏడాది పొడవునా పండినవి, తయారైనవి, అందిన సేవలు, వీటన్నిటి విలువ అది. ఆ విలువ ఒక శాతం పెరిగితే కరెంటు వాడకం ఎంత శాతం పెరుగుతుందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. ఇంజనీర్లు ఎలాస్టిసిటీ అంటారు, మనం సాగుడు గుణకం అందాం. గుణకం 0.8 అయితే, ఉత్పత్తి 10 శాతం పెరిగినప్పుడు కరెంటు 8 శాతం పెరుగుతుంది.

వినడానికి బాగుంది. అనంతపురంలో దీన్ని పరీక్షించే సందర్భం ఒకటి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అప్పటికి అనంతపురం జిల్లాలోనే ఉన్న పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. వేరుశనగ మీద బతికే జిల్లా ఉత్పత్తి లెక్కలో కార్ల విలువ ఒక్కసారిగా వచ్చి చేరింది. ఇంత ఎదుగుదలకు ఎంత కరెంటు?

లెక్క వేద్దాం. కారు బిగించే ఫ్యాక్టరీలో ఒక్కో కారుకు 700 యూనిట్లు ఖర్చవుతాయనుకుందాం. ప్రపంచంలోని కార్ల ఫ్యాక్టరీలను చూస్తే ఇది ఉజ్జాయింపుగా సరిపోయే అంకె. మూడు లక్షల కార్లకు ఏడాదికి 21 కోట్ల యూనిట్లు. ఏడాది పొడవునా సర్దితే సగటున 24 మెగావాట్లు. అంత పెద్ద ఫ్యాక్టరీకి ఇది చిన్న అంకె.

అదే జిల్లాలో తాడిపత్రి వైపు చూడండి. అక్కడ సున్నపురాయి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. టన్ను సిమెంటుకు సుమారు 80 యూనిట్లు కావాలి. పది లక్షల రూపాయల కారు తయారీకి అనంతపురంలో 700 యూనిట్లు ఖర్చయితే, టన్ను ఐదు వేల చొప్పున అదే పది లక్షల విలువైన సిమెంటుకు 16 వేల యూనిట్లు కావాలి. ఇరవై రెట్లు పైన! కారులోని ఉక్కూ అల్యూమినియమూ కరెంటును బాగానే తాగి ఉంటాయి, కానీ తాగింది ఇంకెక్కడో. జిల్లా లెక్కలో అది కనబడదు.

కాబట్టి జిల్లా ఆదాయం పెరిగిందన్న ఒక్క ముక్క చాలదు. ధర్మవరం మగ్గం మీద పుట్టిన రూపాయి, రాయదుర్గం జీన్స్ కుట్టే షెడ్డులో పుట్టిన రూపాయి, తాడిపత్రి కొలిమిలో పుట్టిన రూపాయి, ఇవన్నీ ఆదాయపు లెక్కలో సమానమే కానీ కరెంటు లెక్కలో సమానం కావు. ఈ కారణంగానే సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ వాడకం వారీగా విడివిడిగా లెక్క కట్టే పద్ధతిని ప్రధానంగా అనుసరిస్తుంది. దాన్ని పార్షియల్ ఎండ్ యూజ్ పద్ధతి అంటారు. ఇళ్ళెన్ని, ఒక్కో ఇంటికెంత? దుకాణాలెన్ని? ఫ్యాక్టరీలేవి? మోటార్లెన్ని, ఒక్కోటి ఏడాదిలో ఎన్ని గంటలు తిరుగుతుంది? ఒక్కో పద్దుకు ఒక్కో పెరుగుదల రేటు వేసి, చివర్లో లైన్లలో పోయే నష్టాన్ని కలుపుతారు. అనంతపురానికి కరెంటు పంచే తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ కూడా ఐదేళ్ళకోసారి ఇలాంటి అంచనా తయారుచేసి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. 2019-24కి ఒకటి, 2024-29కి ఒకటి అలా వచ్చినవే.

ఈ పద్దుల్లో ఇళ్ళు, దుకాణాలు, ఫ్యాక్టరీలు లెక్కకు చాలావరకు లొంగుతాయి. లొంగనిది వ్యవసాయ మోటార్ల పద్దే.

మొదటి బంతి

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా తెలుసుకోవాలి. పెళ్ళికి వెయ్యిమంది వస్తారని తెలిస్తే బియ్యం, పప్పు ఎన్ని కిలోలు కావాలో చెప్పవచ్చు. కానీ విస్తళ్ళు ఎన్ని వరసల్లో వేయాలి, వడ్డించేవాళ్ళు ఎంతమంది ఉండాలి అన్నది వెయ్యిమంది లెక్క మీద ఆధారపడదు. మొదటి బంతికి ఒకేసారి ఎంతమంది కూర్చుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. ముహూర్తం ఆలస్యమై అందరికీ ఒకేసారి ఆకలేస్తే, సరుకు నిండా ఉన్నా వడ్డన ఆగిపోతుంది. కరెంటులో బియ్యం లెక్క యూనిట్లది. బంతి లెక్క మెగావాట్లది. ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్నది ఒక అంచనా, ఏ గంటలో ఎన్ని మెగావాట్లు అన్నది వేరే అంచనా. లైన్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ రెండో లెక్క ప్రకారమే కట్టాలి.

పాత అనంతపురం జిల్లాలో వ్యవసాయ మోటార్లు రెండు లక్షలకు పైనే. త్రీ ఫేజ్ కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే ఓల్టేజీ కుంగుతుంది, వైండింగులు కాలతాయి. అందుకే ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి ఒకరి తరువాత ఒకరికి ఇస్తారు.

ఒక్కో మోటారు 5 హార్స్‌పవర్ అనుకుందాం. అంటే సుమారు 4 కిలోవాట్లు. రెండు లక్షల మోటార్లూ ఒకేసారి తిరిగితే 800 మెగావాట్లు. రోజుకు 9 గంటల చొప్పున 30 రోజులు తిరిగితే ఎన్ని యూనిట్లు? నాలుగును తొమ్మిదితో, ముప్ఫైతో, రెండు లక్షలతో గుణించండి. 21 కోట్ల 60 లక్షలు.

పైన కార్ల ఫ్యాక్టరీకి ఏడాది మొత్తానికి వచ్చిన అంకె గుర్తుంది కదా. 21 కోట్లు. అంత పెద్ద ఫ్యాక్టరీ పన్నెండు నెలల్లో వాడే కరెంటును, వాన లేని ఒక్క నెల మోటార్లు తాగేయగలవు. నిజానికి మోటార్లన్నీ తొమ్మిది గంటలూ తిరగవు కాబట్టి ఇది పైమెట్టు లెక్క. సగం తీసేసినా కథ మారదు. అనంతపురం కరెంటు గిరాకీని ఊపేది పెట్టుబడి కన్నా మబ్బు.

దేశం మొత్తం మీద కూడా ఒకసారి ఇలాగే జరిగింది. 2023 ఆగస్టు, 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. మామూలుగా ఎండాకాలంలో వచ్చే గరిష్ఠ గిరాకీ ఆ ఏడు సెప్టెంబరు మొదట్లో వచ్చింది, 243 గిగావాట్లు దాటింది. ఆ ఆగస్టులో ఆర్థిక వ్యవస్థ అకస్మాత్తుగా పెరగలేదు. పొలాల్లో నీళ్ళకోసం మోటార్లు తిరిగాయి, ఉక్కపోతకు ఏసీలు తిరిగాయి.

పాతాళం నుంచి ఎత్తాలంటే

పశ్చిమ కనుమల చాటున ఉన్న అనంతపురానికి ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఒకప్పుడు ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసిన జిల్లా ఇది. ఎర్రనేలలో పదును వాన పడగానే గింజ వేసి, మిగతాది ఆకాశానికి వదిలేసిన సేద్యం. ఆ సేద్యానికి కరెంటుతో పని లేదు. వాన వస్తే పండుతుంది, రాకపోతే పోతుంది, మీటరు కదలదు.

వరస కరువులతో దెబ్బతిన్న రైతులు చీనీ (బత్తాయి), దానిమ్మ, అరటి తోటల వైపు మళ్ళారు. ఇది నిజమైన ఎదుగుదల. 2020 సెప్టెంబరు 9న దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు అనంతపురం నుంచే పండ్లతో ఢిల్లీకి బయలుదేరింది. ఆదాయం పెరిగింది. దానితోపాటు ఇంకోటి మారింది. వేరుశనగ ఎండితే ఒక ఏడాది పెట్టుబడి పోతుంది. చీనీ చెట్టు ఎండితే ఎన్నో ఏళ్ళ కష్టం పోతుంది. చెట్టును కాపాడుకోవడానికి రైతు అప్పు చేసైనా ఇంకో బోరు వేస్తాడు. వానను నమ్ముకున్న సేద్యం కరెంటును నమ్ముకున్న సేద్యమైంది. డ్రిప్ పైపులు ఎకరాకు నీటి ఖర్చు తగ్గించాయి, అది గొప్ప మేలు. కానీ మిగిలిన నీటితో ఇంకో ఎకరం తోట వేస్తే మోటారు తిరిగే గంటలు మాత్రం తగ్గవు.

పైగా నీటి లోతు. వెయ్యి లీటర్ల నీటిని 100 మీటర్లు పైకి ఎత్తడానికి భౌతికశాస్త్రం అడిగే కనీస శక్తి 0.27 యూనిట్లు. మోటారులో, పంపులో, పైపుల్లో పోయే నష్టం కలిపితే దానికి రెండు మూడు రెట్లవుతుంది. నీళ్ళు 50 మీటర్ల దగ్గర ఉన్నప్పుడు అయ్యే ఖర్చు, 150 మీటర్లకు దిగితే మూడింతలవుతుంది. పంట అదే, దిగుబడి అదే, ధర అదే. ఆదాయం పైసా పెరగలేదు. కరెంటు మాత్రం మూడింతలు. ఈ పెరుగుదల ఏ ఆర్థిక వృద్ధి సూత్రంలోనూ ఇమడదు. అందుకే ఈ జిల్లాకు అంచనా వేసేవాళ్ళు భూగర్భజల శాఖ పరిశీలన బావుల లోతులను పక్కన పెట్టుకోకుండా కూర్చోకూడదు.

కరువు మరీ ముదిరితే మళ్ళీ బొమ్మ తిరగబడుతుంది. బోర్లు ఎండిపోతాయి. నీళ్ళు లేని బోరులో మోటారు తిప్పితే కాలిపోతుంది కాబట్టి ఆపేస్తారు. వాడకం పడిపోతుంది. ఆ తగ్గుదలను చూసి గిరాకీ తగ్గింది, వచ్చే ఏడాదికి ఇంతే చాలు అని కాగితం మీద రాస్తే, దాని వెనక ఎండిన తోటలు కనబడకుండా పోతాయి.

హంద్రీ-నీవా ఈ లెక్కకు ఇంకో మెలిక పెట్టింది. శ్రీశైలం జలాశయం నుంచి మల్యాల దగ్గర కృష్ణా నీటిని ఎత్తి, మజిలీ మజిలీగా పంపులతో పైకి నెడుతూ జీడిపల్లికీ, అక్కడినుంచి గొల్లపల్లికీ ఇంకా దూరానికీ తెచ్చే పథకం. మొత్తం 40 టీఎంసీలు తేవాలన్నది సంకల్పం. ఒక టీఎంసీని 100 మీటర్లు ఎత్తడానికి, బోరు మోటార్ల కన్నా తక్కువగా ఉండే పెద్ద పంపుల నష్టాలు కలుపుకుని, సుమారు కోటి యూనిట్లు కావాలి. అంటే ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ 40 కోట్ల యూనిట్లు. మహాబలేశ్వరంలో కుండపోత కురిసి శ్రీశైలం నిండితే, వాన చుక్క లేని అనంతపురం కోసం పంపులు తిరుగుతాయి. ఆ నీళ్ళు చెరువులకు చేరి భూమిలో ఇంకితే చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం లేచి, మోటార్ల కరెంటు తగ్గుతుంది. కాలువ పంపుల పద్దులో ఖర్చు, బోరు మోటార్ల పద్దులో పొదుపు. రెండు పద్దులనూ కలిపి చూసేవాళ్ళు కావాలి.

కొలవనిదాన్ని లెక్కగట్టడం

ఇంతకీ మోటార్లు ఎంత వాడుతున్నాయో మనకు కచ్చితంగా తెలుసా? 2004 మేలో ఉచిత విద్యుత్ వచ్చింది. అంతకు ముందే హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికింతని కట్టే పద్ధతి ఉండేది. కాబట్టి పొలాల్లో చాలావరకు మీటర్లు లేవు. ఉచిత విద్యుత్ ఈ నేల రైతును నిలబెట్టిన ఆసరా, దాని విలువ తగ్గించి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. కానీ కొలత లేని చోట అంచనా గుడ్డిదవుతుంది. ప్రస్తుతం ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన పద్ధతిలో, ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, వాటి వాడకాన్ని మొత్తానికి వర్తింపజేస్తారు. ఎంపిక సరిగా ఉంటే లెక్క సరిగా వస్తుంది. ఆ నమూనాలో లోతు బోర్ల మండలాలు తక్కువైతే అంచనా అక్కడే కుంటుపడుతుంది.

పాత లెక్కల్లో ఇంకో లోపం దాగి ఉంది. పవర్ హాలిడేల కాలంలో నమోదైన వాడకం జనానికి అవసరమైనంత కాదు, ఇచ్చినంత. అడిగినా దొరకని ఈ భాగాన్ని అణగిన గిరాకీ అనవచ్చు. పొలానికి ఏడు గంటల కరెంటును తొమ్మిది గంటలు చేయగానే వాడకం పెరిగితే, అది ఎదుగుదల అనుకోకూడదు. అణగి ఉన్నది పైకి లేచిందంతే.

సరిహద్దులు కూడా మారాయి. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయినప్పుడు అనంతపురం, కర్నూలు జిల్లాలు హైదరాబాదు కేంద్రంగా ఉన్న పంపిణీ సంస్థ నుంచి తిరుపతి సంస్థకు బదిలీ అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న 63 మండలాల జిల్లా రెండయింది. పెనుకొండ, ధర్మవరం, సోలార్ పార్కు ఉన్న నంబులపూలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. తాడిపత్రి, రాయదుర్గం అనంతపురంలో ఉండిపోయాయి. పదేళ్ళ గీత గీద్దామన్నా, పదేళ్ళ పాటు ఒకే అర్థంతో ఉన్న అంకె దొరకదు. మండలాలవారీగా పాత లెక్కలు మళ్ళీ పేర్చుకోవాలి. ఓపికతో చేయాల్సిన పని, తప్పకుండా చేయాల్సిన పని.

ఒక్క అంకె ఎందుకు చాలదు

ఇన్ని తెలిశాక, వచ్చే ఐదేళ్ళకు జిల్లా గిరాకీ ఇంత అని ఒకే అంకె చెప్పడం నాకు సబబుగా అనిపించదు. మంచి వానల ఏడు ఇంత, అరకొర వానల ఏడు ఇంత, బోర్లు ఎండే ఏడు ఇంత, ఇలా మూడు అంకెలు చెప్పాలి. వాటికి తోడు హంద్రీ-నీవా పంపులు తిరిగితే ఎంత, తిరగకపోతే ఎంత అన్నది పక్కన రాయాలి. ఆర్థిక వృద్ధి అంచనా ఇందులో ఉంటుంది, కానీ ఇళ్ళు, దుకాణాలు, ఫ్యాక్టరీల పద్దుల దగ్గర. మోటార్ల పద్దును వాన, నీటి లోతు, తోటల విస్తీర్ణం నిర్ణయిస్తాయి.

అప్పుడు నిర్ణయాలు కూడా విడిపోతాయి. కట్టడానికి ఏళ్ళు పట్టే లైన్లూ సబ్‌స్టేషన్లూ అరకొర వానల ఏడాదిని తట్టుకునేలా కట్టాలి, ఎందుకంటే అనంతపురంలో అలాంటి ఏళ్ళు తరచూ వస్తాయి. పాతికేళ్ళకు కుదుర్చుకునే కొనుగోలు ఒప్పందాలు మాత్రం మంచి ఏడాదికి కూడా అవసరమయ్యేంత మేరకే ఉండాలి. మధ్యలో మిగిలే తేడాకు దారులున్నాయి. పగటిపూట వ్యవసాయానికిచ్చే తొమ్మిది గంటలు ఎండ కాసే గంటలతో సరిపోతాయి. నంబులపూలకుంటలో 1500 మెగావాట్లకు తలపెట్టిన సోలార్ పార్కు లాంటివి చుట్టూ ఉన్న చోట, వాన లేని రోజంటే చాలాసార్లు మబ్బు లేని రోజే. మోటార్లకు ఎక్కువ కరెంటు కావాల్సిన రోజే సోలార్ పలకలు బాగా పండే రోజు అవుతుంది. ఈ పొంతన ఈ జిల్లాకు దొరికిన గొప్ప అనుకూలత, దాన్ని అంచనా పత్రాల్లో గంటలవారీగా రాసుకోవాలి.

ఇంకా చాలనిదాన్ని, 2008లో మొదలైన ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్ లాంటి చోట్ల ముందురోజు కొనుక్కోవచ్చు. అయితే దేశమంతా వాన తప్పిన ఏడు అందరూ అక్కడికే వస్తారు, ధర ఆకాశానికంటుతుంది. కనుక జూన్‌లో ఏరువాక ఎలా సాగింది, జులై ఆఖరుకి ఎన్ని మండలాల్లో లోటు ఉంది, బావుల్లో మట్టం ఎంత దిగింది అన్న వివరాలు తిరుపతి ఆఫీసుకు వారం వారం చేరాలి. ఆగస్టు మొదటి వారంలోపు సెప్టెంబరు కొనుగోళ్ళు కుదిరిపోవాలి.